పేపర్ వెనక తిరిగిన మనిషి

ఆమె పోయి నెల కావస్తోంది. కూతురి ఊళ్లో పోయింది. నాకు కబురు అందేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. అప్పటి నుంచి ఊరికే కూర్చున్నప్పుడల్లా ఆమెను తలుచుకుంటున్నాను. చిత్రంగా, ముఖం కంటే ముందు పాదాలు కనబడతాయి.

మాది గద్వాల. మా వీధిలో దాదాపు అందరిదీ నేతపనే. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంతలోకి కాళ్లు దింపుకొని, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాం. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ పోగుకు పోగు మెలేసి కలుపుకుంటూ పోవాలి కాబట్టి మగ్గం దగ్గర ఇద్దరు ఉండాలి. ఆమె మగ్గం మీద కూర్చునేది, నేను అంచు పక్కన. ఏళ్ల తరబడి అట్లాగే కూర్చున్నాం. వరసకు ఆమె నాకు అత్త. సొంత అత్త కాదు, అందుకేనేమో మాకు పొసగింది.

చేతులు ఆడుతుంటే ఆమె నోరు కూడా ఆడేది. ఎవరింట్లో ఏ కూర, ఎవరి కోడలు అలిగింది, ఏ షావుకారు బరువు కోసం తడిపిన పట్టు తూచి ఇచ్చాడు, అన్నీ మగ్గం చప్పుడు మధ్యనే చెప్పేది. మాట గట్టిదైతే మాత్రం పాదాలు రెండూ గుంతలోంచి పైకి తీసి, గట్టు మీద మఠం వేసుకునేది. కాళ్లు బయటికి వచ్చాయంటే చేతిలో పోగు పోసే నాడె కింద పెట్టి వినాల్సిందే. పక్కింటి కోడలిని మొగుడు కొట్టిన రోజు అట్లా కూర్చుంది. షావుకార్లు కూలి తగ్గిస్తామన్న రోజు కూర్చుంది. నేను తెచ్చిన వంకాయ కూరలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా ఒకసారి అట్లాగే కూర్చుంది.

ఆ రోజుల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి ఒకటి సాయంత్రాలు మా సంఘం గదిలో మొదలైంది. నేను పోనంటే నన్ను రెక్క పట్టుకొని తీసుకుపోయింది ఆమే. తాను మాత్రం పలక చేతికి రాగానే చదువు చెప్పే అబ్బాయికి ఒక పేరు చెప్పి, దానికి ఏయే అక్షరాలు కావాలో అవి నేర్పమంది. అది ఆమె తమ్ముడి పేరు. ఆ అక్షరాలు కుదురుగా రాయడం వచ్చిన రోజున పలక నా ఒళ్లో పెట్టి లేచింది.

"నాకు కావల్సినయి వచ్చినయి సారూ. మిగిలినయి ఈ పిల్లకియ్యి."

ఆ పిల్లకు అప్పటికే నలభై దాటాయి. మిగిలిన అక్షరాలు నిజంగానే నాకు వచ్చాయి. వీధి మొదట్లోని హోటల్ వాళ్లు, అందరూ చదివేశాక నలిగిన పేపర్‌ను మధ్యాహ్నం నాకు ఇచ్చేవారు. అన్నాలు తిన్న తర్వాత వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ ఆమెకు చదివేదాన్ని. అచ్చులో ఉన్నది చదవగలుగుతున్నానన్న సంతోషంలో అది నిజమేనా అన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఆమెకు అచ్చు అంటే ఆ భక్తి లేదు. ఏది చదివినా "ఎవలు జూసి చెప్పిన్రు?" అని అడిగేది. నాగర్‌కర్నూల్ దగ్గర ఏదో ఊళ్లో రెండు తలల దూడ పుట్టిందంటే అదే ప్రశ్న. ఢిల్లీలో ఒక మంత్రి ఏదో హామీ ఇచ్చాడంటే అదే ప్రశ్న. దూడనైతే ఎవరో ఒకరు చూసి ఉంటారని, మంత్రి సంగతే తనకు అనుమానంగా ఉందని అనేది.

ఇక తమ్ముడి సంగతి. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో చావు జరిగినా, ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి పీనుగ లేచేదాకా వీధిలో ఏ మగ్గమూ ఆడదు. మాటలు లేని ఇళ్లయినా సరే, కోర్టుకెక్కిన దాయాదులైనా సరే. శవం వీధి దాటిన తర్వాతే మళ్లీ గుంతల్లోకి కాళ్లు దింపుతారు. ఆమె తమ్ముడు మీసాలు రాకముందే ఇల్లు వదిలి పట్టాళంలో చేరాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాడని తంతి వచ్చింది. శవం రాలేదు. వీధి మొత్తం మగ్గాలు ఆపింది. పొద్దుగూకింది, తెల్లవారింది. లేవడానికి పీనుగ లేదు కాబట్టి ఎప్పటిదాకా ఆపాలో ఎవరికీ తెలియలేదు. పెండ్లిళ్ల కాలం దగ్గరపడుతోందని షావుకార్లు తొందర పెడుతున్నారు. ఒక ఇంట్లో మెల్లగా మగ్గం చప్పుడు మొదలైంది. తర్వాత ఇంకో ఇంట్లో. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఇది ఆమె నాకు చెప్పింది ఒక్కసారే. అప్పుడూ కాళ్లు బయటే ఉన్నాయి.

"మగ్గాలు ఆడవట్టె. మరి నా తమ్ముడు లేచినట్టా, లేవనట్టా? గిప్పటికీ నాకు తెల్వదు పిల్లా."

కార్గిల్ యుద్ధం వచ్చిన ఎండాకాలంలో హోటల్ టీవీ ముందు ఎప్పుడూ గుంపు నిలబడి ఉండేది. పేపర్ నిండా అవే వార్తలు. జెండా కప్పిన పెట్టెలు, పెట్టెల పక్కన తల్లులు. పోయిన పిల్లల పేర్లన్నీ ఆమె నాతో చదివించుకునేది. వాళ్ల ఊరు ఎటువైపో అడిగేది. జవాన్ల కోసం వీధిలో చందా ఎత్తితే తన వంతు ఇచ్చింది. ఊరేగింపు తీసిన పిల్లలకు ఎండలో తిరిగారని మజ్జిగ కలిపి పోసింది. ఒక మధ్యాహ్నం నేను చదివిన వార్త మాత్రం వేరే. కొండల మీద చచ్చిపోయిన అవతలి సైనికుల శవాలను వాళ్ల దేశం తీసుకోనంటోందని, వాళ్లు మా వాళ్లే కాదంటోందని, చివరికి మన సైనికులే అక్కడ మట్టి ఇస్తున్నారని రాశారు.

ఆమె పాదాలు పైకి తీసింది.

"వాళ్ల పీనుగలను వాళ్లే వద్దన్నరా?"

"అట్లనే రాసిన్రత్తా."

"మరి ఆ తల్లులకు ఎవలు జెప్పాలె?"

నాకు తెలియదన్నాను. ఈసారి ఎవరు చూసి చెప్పారని ఆమె అడగలేదు. మగ్గం మీద సగం పడ్డ చీరను చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆ రోజు కాళ్లు మళ్లీ లోపల పెట్టలేదు. మరునాడూ పెట్టలేదు. ఏందత్తా ఇది అంటే, లేవని పీనుగలున్నాయని తెలిసినాక మగ్గం ఎట్లా ఆడిస్తానంది. ఒకసారి తొందరపడి ఆడించాం, చాలు అంది. ఆ పిల్లలు ఎటువైపు వాళ్లో తెలుసు కదా అత్తా అంటే, తెలుసు, అందుకే వాళ్ల కోసం మగ్గం ఆపేవాళ్లు ఎవరూ ఉండరు అంది.

ఆమె పెద్దరికానికి విలువిచ్చి పక్క ఇళ్లలో మరికొన్ని మగ్గాలు ఆగాయి. పని లేదు కనుక ఆడవాళ్లం అరుగు మీద కూర్చున్నాం. ఊరికే కూర్చుంటే ఎందుకు కూర్చున్నామో ఎవరికి తెలుస్తుందని ఆమె నన్ను ఒక అట్టముక్క తెమ్మంది. చీరల డబ్బా మూత చింపి, నీలం రంగులో పుల్ల ముంచి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. యుద్ధం ఆపాలె. ఏ దిక్కు పిల్లలైనా తల్లుల పిల్లలే. నలుగురి కంటపడేలా నేను రాసిన మొదటి మాటలు అవి. దారిన పోయేవాళ్లు ఆగి చదివారు. ఒక అక్షరం ఏనుగంత, ఇంకోటి ఎలుకంత ఉందని నన్ను వెక్కిరించారు. కొందరు, ఈ ముసలామెకు తమ్ముడు యాదికి వచ్చిండు పాపం అనుకుంటూ పోయారు. అంతే. ఎవరికీ కోపం రాలేదు.

అప్పుడు పేపరాయన వచ్చాడు. బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడుపుతూ పేపర్‌కు వార్తలు పంపే మనిషి. మర్యాదస్తుడే. ఆమె పీట వేసి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మొదటి మాటే తమ్ముడి గురించి చెప్పింది. పట్టాళం, తంతి, రాని శవం, మగ్గాలు మళ్లీ మొదలైన తీరు, అన్నీ. అతను రాసుకుంటుంటే నేను పక్కన నిలబడి చూశాను. పోతూ పోతూ ఫొటో తీసుకున్నాడు.

మరునాటి పేపర్‌ను హోటల్ వాళ్లు మధ్యాహ్నం దాకా ఆపలేదు. పొద్దున్నే ఎవరో మా గడపలో విసిరేసి పోయారు. వేలు పెట్టి చదివాను. సరిహద్దులో మన జవాన్లు ప్రాణాలిస్తుంటే గద్వాలలో కొందరు నేత మహిళలు శత్రు సైనికుల చావుకు మగ్గాలు ఆపి సంతాపం పాటిస్తున్నారని రాశారు. యుద్ధం ఆపాలని ఒక వృద్ధురాలు అట్ట పట్టుకొని కూర్చుందని రాశారు. దీనిపై స్థానికులు మండిపడుతున్నారని రాశారు. ఫొటోలో ఆమె నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి ఉంది. ఆ సమయంలో ఆమె మురుగు మోరీ గట్టు మీద నడుస్తున్న ఒక పిల్లను పడతావని అదిలిస్తోంది. ఫొటోలో చూస్తే దేశం మొత్తాన్ని తిడుతున్నట్టే ఉంది.

అందులో అబద్ధం ఎక్కడుందో వెతికాను. మగ్గాలు ఆపిన మాట నిజం. అవతలి వాళ్ల కోసం ఆపిన మాట నిజం. అట్ట నేనే రాశాను. ఒక్కో మాట మీద వేలు ఆపి చూశాను, దేన్నీ కాదనలేకపోయాను. తమ్ముడు లేడు, అంతే. లేనిదాని మీద వేలు ఎట్లా పెట్టాలి? జనం మండిపడుతున్నారన్న ఒక్కటి మాత్రం అబద్ధమని దొరకబుచ్చుకున్నాను, ఎందుకంటే ఆ వార్త రాసే వేళకు మా వీధిలో ఎవరికీ కోపం లేదు. మధ్యాహ్నానికి అది కూడా నిజమైంది.

మజ్జిగ తాగిన పిల్లలే వచ్చి అరిచారు. పక్క ఇళ్లలో మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఆమె తలుపు మీద పేడ కొట్టారు. ఆమె దాన్ని కడగకుండా కాసేపు అటూ ఇటూ చూసి, విసిరినవాడిది ఎడమచేతి వాటమని, ఎవడో తనకు ఎరుకేనని అంది. ఎవడని ఎంత అడిగినా చెప్పలేదు. వాడికి చిన్నప్పుడు తానే అన్నం ముద్దలు కలిపి పెట్టానని మాత్రం అంది.

ఠాణా నుంచి పిలుపు వచ్చింది. నేను తోడు వెళ్లాను. ఎస్సై ఆమెను నిలబెట్టే అడిగాడు, ఇదంతా నీ చేత ఎవరు చేయిస్తున్నారని, ఏ పార్టీ వాళ్లు వచ్చారని. తమ్ముడి కథ మళ్లీ చెప్పబోయింది. అడిగినదానికి జవాబు చెప్పమన్నాడు. సాయంత్రం దాకా బెంచీ కూడా చూపించకుండా నిలబెట్టి పంపేశారు.

మరునాడు షావుకారు గుమాస్తా కత్తెర పట్టుకొని వచ్చాడు. మగ్గం మీద సగం చీర ఉంది. సగంలో చీర కోయడం మా ఇళ్లలో కీడు. మనిషి పోయిన ఇంట్లో కూడా ఆ పని చేయరు, ఎవరో ఒకరు కూర్చొని పూర్తి చేస్తారు. షావుకారు వస్తువు షావుకారుకు కావాలని గుమాస్తా నేల చూపులు చూస్తూ అన్నాడు. ఆమె వెళ్లి బట్టను రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"వంకర గొయ్యకు బిడ్డా. పట్టు పాడైతది."

అతను తిన్నగా కోసుకొని పోయాడు. పోగులు తెగి వేలాడే మగ్గాన్ని అంతకుముందు నేను చూడలేదు.

ఇంత జరిగినా ఆమె కోరింది ఒకటే. తమ్ముడి మాట పేపర్లో పడాలి. మిగిలింది ఏమైనా రాసుకోనీ, ఆ ఒక్కటి ఉంటే చదివినవాళ్లకు తాను ఎందుకు కూర్చుందో తెలుస్తుందని ఆమె నమ్మకం. నన్ను వెంటబెట్టుకొని స్టూడియోకు వెళ్లింది. పేపరాయన మాకు చాయ్ తెప్పించాడు. అతను మొహం చాటేసే రకం కాదు.

"నేను రాసి పంపిన అవ్వా. నీ తమ్ముని సంగతే ముందుగల్ల రాసిన. ఆడ కోసేసిన్రు. జాగ లేదంటరు."

"గంత పేపర్ల ఒక్క మనిషికి జాగ లేదా?"

అతను నవ్వబోయి ఆగాడు. ఇప్పుడు జవాన్ల వార్తలకే చోటు చాలడం లేదన్నాడు. నా తమ్ముడూ జవానే కదా అని ఆమె అంది. అతను కాగితం ముందుకు లాక్కొని, ఇంకోసారి పంపి చూస్తానన్నాడు. ఆమె మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి తమ్ముడి పేరు తానే రాసి ఇస్తానని, అతని చేతిలోంచి కలం తీసుకొని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకొని రాసింది. బాగా కుదిరింది.

కొన్ని రోజులు పేపర్ రాగానే నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. ఒకరోజు ఆమె గురించి పడింది. తప్పు తెలుసుకున్న వృద్ధురాలు అని పైన పెద్ద అక్షరాలు. తెలియక చేశానని, దేశ ప్రజలు మన్నించాలని గద్వాల నేత మహిళ వేడుకుందని కింద చిన్న అక్షరాలు. తమ్ముడు ఇందులోనూ లేడు.

ఆ పని చేసింది మా కులపెద్ద. చెడ్డవాడు కాదు. ఆమె ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడం లేదని తెలిసి, షావుకారు దగ్గరికీ స్టూడియో దగ్గరికీ కాళ్లరిగేలా తిరిగి, ఆమె తరఫున తానే ఆ మాట చెప్పి వచ్చాడు. ఆమెతో చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. పేపర్ పట్టుకొని సంతోషంగా వచ్చాడు. వెనకాలే గుమాస్తా మగ్గం మీదికి కొత్త పడుగు నూలు తెచ్చాడు. వీధిలో వాళ్లంతా ఒక్కరొక్కరే వచ్చి పలకరించడం మొదలుపెట్టారు. నీ మంచికే చేసిన వదినా, ఇగ పరేషాన్ లేదు అన్నాడు పెద్ద. ఆమె నన్ను చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"నేను అడిగిన్నా?"

"అడగలేదత్తా."

పెద్ద తల వంచుకున్నాడు. ఆమె పడుగు వద్దనలేదు, తిండి కావాలి కదా. నేసింది. అయితే అంతకుముందు ఆమె మాట మగ్గంతో పాటు ఆడేది, ఇప్పుడు మగ్గం ఒక్కటే ఆడింది.

కొన్నాళ్లకు ఉన్నట్టుండి అడిగింది, ఈ పేపర్ ఎంత దూరం పోతుందని. జిల్లా అంతా పోతుందన్నాను. వనపర్తి పోతుందా, అమరచింత పోతుందా అని ఊరూరి పేరు చెప్పి అడిగింది. అన్నింటికీ అవునన్నాను. ఆ వారమే సంచి సర్దుకుంది. నేను క్షమాపణ అడగలేదని అందరికీ చెప్పివస్తానంది. నవ్వుతాననుకుందో ఏమో, నా ముఖం చూడలేదు. ఒంటరిగా పంపలేక నేనూ బస్సెక్కాను.

అప్పటి నుంచి చీర పూర్తయినప్పుడల్లా ఒక ఊరు. అమరచింతలో నేతపని చేసే మా చుట్టాలున్నారు. వాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, మంచంలో కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి కడుక్కొని మొదలుపెట్టింది. పేపర్లో రాసింది అబద్ధమని, తాను ఎవరినీ మన్నించమని అడగలేదని చెప్పింది. ఆ ఇంటాయన భార్య వైపు చూశాడు.

"ఏ పేపరత్తా? మేం జూడనే లేదు గద."

అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది. మగ్గాలు ఎందుకు ఆపింది, ఎవరి కోసం ఆపింది, ఏమని రాశారు, తర్వాత ఏమని రాశారు. వినే కొద్దీ ఆ ఇంటివాళ్ల ముఖాలు మారాయి. అంతసేపూ ఆమె ఒళ్లో ఆడుతున్న పిల్లను తల్లి మెల్లగా పిలిచి లోపలికి తీసుకుపోయింది. పొద్దున ఉండమన్నవాళ్లు సాయంత్రం బస్సు ఎన్ని గంటలకుందో చెప్పారు. తర్వాత వెళ్లిన ఊళ్లలోనూ ఎక్కువగా ఇదే జరిగింది. పేపర్ చూసినవాళ్లు, సరేలే అత్తా, అడిగినవు గద, అయిపాయె అన్నారు. చూడనివాళ్లకు ఆమె చెప్పేదాకా తెలియదు. పేపర్ రాని ఇళ్లకు కూడా ఆ మాటను మేమే మోసుకుపోయామని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమయ్యే ఉంటుంది. అయినా సంచి సర్దడం మానలేదు.

వనపర్తిలో ఎవరో చెప్పారు, గోపాల్‌పేట దిక్కు ఒక పల్లెలో ఆ యుద్ధంలోనే కొడుకు పోయిన తల్లి ఉందని, ఆమె దాకా కూడా మా సంగతి పోయిందని. ఆ మాట వినగానే అత్త ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఇన్ని ఊళ్లు తిరగడం దండగ, ముందుగా ఆ తల్లికే చెప్పాల్సింది అంది. వేరేవాళ్లకు అర్థం కాకపోయినా ఆమెకు అర్థమవుతుంది, నాకు తమ్ముడు, ఆమెకు కొడుకు, అంతే కదా తేడా అంది. బస్సులో కూర్చొని ఏం చెప్పాలో పెదవుల మీదే అనుకుంటూ వచ్చింది.

కూలిపని చేసుకునే ఇల్లు అది. ఒక్క గది, ముందు చిన్న తడిక. గోడ మీద ఏసుప్రభువు క్యాలెండర్, దాని పక్కన బట్టల దుకాణం వాళ్లు ఇచ్చిన అద్దాల పటంలో బిగించిన పేపర్ ముక్క. అందులో ఆ తల్లి ఫొటో ఉంది. ఎక్కడి నుంచి వచ్చారని ఆమె అడగలేదు. పట్టాళం వాళ్ల తల్లి ఇంటికి ఎవరెవరో వస్తారని అలవాటైనట్టుంది. నేను గోడ మీది అక్షరాలు చదువుకున్నాను. ఇంకో కొడుకు ఉంటే వాణ్ని కూడా దేశానికి ఇస్తానన్న వీరమాత అని ఉంది.

నేను చదవడం ఆమె చూసింది.

"నేనే అన్ననంట గట్ల. నాకు యాదికి లేదు. అప్పుడు నాకు సోయి ఏడుంది? పేపర్ల ఉంది గద, అనే ఉంట."

ఆ మాట అంటూ చీర కొంగుతో అద్దాన్ని తుడిచింది. పెట్టె వచ్చిందా బిడ్డా అని అత్త అడిగింది. వచ్చింది, తెరవనియ్యలేదు అని ఆమె చెప్పింది. అత్త కొంచెం ముందుకు జరిగి కూర్చుంది. ఇప్పుడు మొదలుపెడుతుందని నాకు తెలిసింది. గద్వాల నుంచి వచ్చినం బిడ్డా, నేను మగ్గం నేసేదాన్ని అంది. ఆ తల్లి అద్దం తుడవడం ఆపి తేరిపార చూసింది.

"గద్వాల్ల మగ్గాలు ఆపింది నువ్వేనా అవ్వా?"

"నేనే బిడ్డా."

"నా కొడుకును సంపినోళ్లకు ఏడ్సిందంట ఒక ముసలామె అని చెప్పిన్రు నాకు. ఆ దినాలల్ల నాకు నిద్రనే లేకుండె. ఆమె ఎవరో, నా బిడ్డ ఆమెకు ఏం జేసిండో అనుకునేదాన్ని. మల్ల నువ్వు మన్నించుమని అడిగినవంట గద. అది ఇన్నంక జర నిద్ర వట్టింది." పిల్లలు అడిగినట్టు అడిగింది. "అడిగినవు గద అవ్వా?"

నేను అత్త వైపు చూశాను. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. తడిక సందులోంచి పడే ఎండలో వాటి మీద పట్టు రంగు మరకలు కనబడుతున్నాయి. ఎన్ని ఊళ్లు, ఎన్ని బస్సులు, ఎంతమంది ముందు చెప్పిన మాట. నోరు తెరిస్తే అదే వస్తుందనుకున్నాను.

"అడిగిన బిడ్డా," అంది.

ఆ తల్లి లేచి లోపలికి పోయి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. తాగాం. పొలం పనుల గురించి, వాన గురించి మాట్లాడింది. తమ్ముడి పేరు ఆ ఇంట్లో రాలేదు. వచ్చేటప్పుడు అత్త చెయ్యి పట్టుకొని ఆ తల్లి దారిదాకా దిగబెట్టింది.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఉండబట్టలేకపోయాను. నువ్వు అడగలేదు గదత్తా, ఎందుకు అట్లా చెప్పినవు అన్నాను.

"అప్పుడు అడగలే. ఇప్పుడు ఆమెకు జెప్పిన గద. ఇగ పేపర్ల రాసింది అబద్ధం గాదు."

బస్సులో ఆమె నిద్రపోయింది. ఆ తర్వాత ఏ ఊరికీ పోలేదు. వీధిలో ఎవరైనా కదిలించి, నిజంగానే మన్నింపు అడిగినవా పెద్దమ్మా అంటే, తలెత్తకుండా పోగు అతుకుతూనే, ఔ, అడిగిన అనేది.